తెర మీద ఖాళీ గంప

కంప్యూటర్ ఎవరికైనా వస్తుంది, నేర్పేవాళ్ళకు ఓపిక ఉండాలంతే అని ఒకప్పుడు గొంతు చించుకునేదాన్ని. ఇప్పుడు ఎవరైనా ఆ మాటంటే ఒళ్ళు మండుతుంది.

మా పిన్నిది భావనపాడు. అమ్మకు చెల్లెలు. మోకాళ్ళు పోయేదాకా నెత్తిన గంప పెట్టుకుని టెక్కలి వీధుల్లో చేపలమ్మింది. సరుకంతా అమ్ముడైపోయినా గంప ఖాళీగా ఇంటికి తెచ్చేది కాదు. తెస్తే మర్నాడు బేరం ఉండదని ఆమె నమ్మకం. అడుగున గుప్పెడు మరమరాలైనా వేసుకుని గడప దాటేది. వాటికోసమే మేం పిల్లలం గుమ్మంలో కాసుకుని కూర్చునేవాళ్ళం.

బాబాయి గుజరాత్ బోట్ల మీదికి వేటకు పోయేవాడు. అక్కడే సముద్రంలో పడిపోయాడు. శవం కూడా దొరకలేదు. మనిషి గుర్తుగా మిగిలినవల్లా పిన్ని ఫోనుకి ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు. "ఏటే, తిన్నావా? ఇక్కడ గాలెక్కువున్నాది. రేపు ఎల్తామో లేదో తెల్దు." అన్నీ ఇలాంటివే.

ఆ ఫోను బ్యాటరీ ఉబ్బిపోయింది. ఇవాళో రేపో పోతుందని రిపేరు కుర్రాడు తేల్చేశాడు. పిన్ని హడలిపోయి నాకు కబురంపింది.

"ఓలమ్మీ, ఆ గొంతొక్కటే ఉన్నాది నాకు. అదీ పోతే నానేటి సేస్తాను?"

నేను టెక్కలిలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తాను. మూలన పారేసిన పాత కంప్యూటర్ ఒకటి అడిగి తెచ్చాను. ఆ ముసలిదానికి వేరే ఏం ఎక్కించినా మోయలేదు, అందుకని లినక్స్ అనే తేలికపాటి సిస్టమ్ ఎక్కించాను. ఫోన్లోని మాటలన్నీ దాన్లోకి మార్చాను. ఇంకో కాపీ నా దగ్గర ఉంచుకుంటానంటే పిన్ని ఒప్పుకోలేదు.

"మొగుడూ పెళ్ళాల మాటలే అయ్యి. నీకెందుకు?"

సిగ్గుపడుతూ అంది. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. ఫోను ఆ వారంలోనే చచ్చిపోయింది.

ఇక మొదలైంది నా తెలివి. పిన్నికి చదువు రాదు కదా, తెర మీద అక్షరమన్నది లేకుండా చేశాను. మెనూలు తీసేశాను. బొమ్మలు అరచేయంత పెద్దవి చేశాను. బాబాయి మాటలున్న ఫోల్డరు ఒకటి, పాటలు ఒకటి, ఆపే బొమ్మ ఒకటి. చెరిపేసినవి పడే చెత్తడబ్బా బొమ్మ ఎంత తిప్పలు పడినా పోలేదు. పోనీ ఆ ఇనప డబ్బా ఆమెకేం తెలుస్తుంది, మన ఇంటి వస్తువులా ఉండాలని వెతికి వెతికి వెదురుగంప బొమ్మ పెట్టాను. డిస్కు చిన్నది, నిండిపోతే మొరాయిస్తుంది. అందుకని ఆ గంపలో పడినవి నెల తిరిగేసరికి వాటంతటవే చెరిగిపోయేలా పెట్టాను. పిన్నిని ఏదీ అడగక్కర్లేదు. ఏ ప్రశ్నా ఆమె ముందుకు రాదు. అబ్బో, ఎంత మురిసిపోయానో! ల్యాబులో అందరికీ చెప్పుకున్నాను.

మౌసుతో బొమ్మను పట్టుకుని లాగడం పిన్ని ఒక్క పూటలో నేర్చుకుంది. బాబాయి గొంతు ఒకటి విని, కొంగు నోట్లో కుక్కుకుంది.

"సాలే. ఇంక ఇనలేను. ఇంట్లో ఉన్నాడు, అదే సాలు" అని ఆపించేసింది.

రోజూ దీపం పెట్టాక కంప్యూటర్ వేసి, కాసేపు తెర చూసి, ఆపేసేదట. పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి నాకు చేసిన ప్రతిసారీ "బాగున్నాదే" అనేది. బాగుందంటే బాగుందనుకున్నాను.

ఏడాది తిరిగింది. సంవత్సరీకానికి చుట్టాలొచ్చారు. అన్నాలయ్యాక అందరికీ ఆయన గొంతు వినిపించమని పిన్నే అడిగింది. తెర వెలిగింది. ఫోల్డరు లేదు.

"పిన్నీ, బాబాయి మాటలేవీ?"

"గంపలో ఎట్టినాను కాదేటి" అంది, ఎంతో నిబ్బరంగా.



"ఎందుకు పెట్టావే అందులో?"

"నువ్వే కదే ఎట్టినావు గంప. దీపమెట్టి సూస్తే ఖాళీగా కనిపిస్తన్నాది. ఇంట్లో ఖాళీ గంప ఉంటాదేటి? మీ బాబాయిని దాన్లో ఎట్టినాను. నిండుగా అగుపించింది. మళ్ళీ ఏటైనాదో ఖాళీగా అగుపిస్తే, పాత మిసనీ కదా, నువ్వొస్తే సూస్తావులే అనుకున్నాను."

చెప్పక తప్పలేదు. అది చెత్తబుట్ట అని, నెల తిరిగితే దాన్లోవి వాటంతటవే ఒలికిపోతాయని చెప్పాను. చుట్టాలు నా మొహం చూశారు. పిన్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"గంప ఒంపీముందు మనిసినడగాలి కాదేటే?"

ఆ ఒక్క మాటే అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు డిస్కు పీకి ల్యాబుకు తెచ్చాను. పోయినవాటిని వెతికే ప్రోగ్రాములన్నీ నడిపాను. అవి ఉన్న చోట డిస్కు అప్పటికే వేరేవి రాసేసుకుంది. కోపం ఆగక ఆ తెరనీ బొమ్మల్నీ నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళకు ఇంటర్నెట్‌లో రాశాను: కొత్తవాళ్ళ కోసమని మీరిన్ని మార్పులు చేస్తున్నారు, చెరిపేముందు ఒక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయింది, మా ఊళ్ళో గంపంటే పారేసేది కాదు, దాచుకునేది అని. ఎవరో మర్యాదగానే జవాబిచ్చారు. అది ఉండాల్సినట్టే ఉంది, ఆ సెట్టింగు పెట్టుకున్నది మీరే కదా అన్నారు. నిజమే, ఏమని తిట్టను? అక్కడితో నా ఫిర్యాదు మూసేశారు.

దొరికింది ఒక్కటే ముక్క. పట్టుకుని భావనపాడు వెళ్ళాను. డిస్కు బిగించి, పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని వినిపించాను. ఇంజను చప్పుడు, దాని వెనక గాలి. అంతే. మాట మొదలవ్వాల్సిన చోట తెగిపోయింది.

పిన్ని మళ్ళీ పెట్టమంది. పెట్టాను. తెరకు చెవి ఆనించి వింది.

"ఇది బోటు సప్పుడే. మనిసేడే?"

బావురుమన్నాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి, తెరకేసి చూసింది. మూలన గంప అలాగే ఖాళీగా ఉంది.

"దాన్నేనా గంపలో ఎయ్యి" అంది.

"వద్దే పిన్నీ, అందులో వద్దు. ఇదీ పోతుంది."

"ఎయ్యే. ఖాళీగా ఉండకూడదు. ఇంక పోడానికేటున్నాది?"

ఆ చెరిపేసే సెట్టింగు తీసేశానో లేదో రెండుసార్లు చూసుకుని, ఇంజను చప్పుడును పట్టుకుని గంపలోకి లాగాను.