ఎప్పుడు ఎత్తేది?

ఆ పేపరు చుట్టను మా సుమ బెంగళూరు నుంచి బస్సు పైన వేయించుకొని తెచ్చింది. మనిషి కంటే పొడుగు. వాకిట్లో తిప్పితే గుమ్మంలో పట్టలేదు. ఒక కొన తనూ, ఒక కొన వాళ్ళ నాయనా పట్టుకొని అటూ ఇటూ వంచి చివరికి ఎలాగో లోపలికి తెచ్చారు.

"ఏమ్మే, నీ కూతురు పేపరు తెచ్చిందా, కొబ్బరిమాను తెచ్చిందా?" అన్నారు మా ఆయన నాగేశప్ప, చెమట తుడుచుకుంటూ.

"మాను కాదు నాయనా, గోడ. కావాలంటే దించుకోవచ్చు, వద్దంటే చుట్టేయొచ్చు" అంది సుమ.

సుమ మాకు ఒక్కతే కూతురు. చదువు అయ్యాక కొన్నేళ్ళు హోసూరు కంపెనీకి పోయింది. వేప్పనపల్లిలో తెల్లవారకముందే బస్సెక్కేది. ఆదివారాలు పెళ్ళి ఫోటోలు తీసే ఒకాయన వెంట లైటు పట్టుకోవడానికి పోయి పని నేర్చుకుంది. ఒకరోజు కంపెనీ మానేసి ఇంటికొచ్చింది. ఎందుకని అడిగితే, "ఆడ అందరికీ మాస్కులేనమ్మా. ఇంక మొగాలు చూసే పని చేస్తాను" అంది. చిన్నబిడ్డల ఫోటోలు తీస్తానంది. మామిడికాయల క్రేట్లు పెట్టుకునే ముందుగది ఖాళీ చేయించింది.

వాళ్ళ నాయన గోడకు రెండు కొక్కేలు బిగించారు. చుట్ట మధ్యలోని బొక్కలో ఇనుప పైపు దూర్చి, కొక్కేల మీద పెట్టారు. కొన పట్టుకొని లాగితే తెల్లటి పేపరు గోడ మీదుగా దిగి, నేల మీద పరుచుకుంది. గోడా నేలా కలిసే మూలలో అది ఉబ్బెత్తుగా నిలబడితే, దుప్పటి సర్దినట్టు నేను అరచేత్తో నొక్కాను.

"అమ్మా! మడత పడగూడదు. దాన్ని ఊరికే వాలనీ."

"ఎందుకే?"

"మూల కనబడగూడదు. గోడ యాడ అయిపోయింది, నేల యాడ మొదలైంది తెలియగూడదు."

"అట్లయితే బిడ్డ యాడ కూర్చున్నట్టు?"

"యాడా లేనట్టు" అని నవ్వింది. "బిడ్డొకటే ఉంటాది. ఇంకేమీ ఉండదు."

ఆ మాట అప్పుడు నాకు ఫోటో మాటగానే వినబడింది.

పని అయ్యాక పేపరు పైకి చుట్టి, జారకుండా రెండు క్లిప్పులు పెట్టేది. మాసిన భాగం కత్తిరించి నాకిచ్చేది. నేను వంటింటి అరల్లో పరుచుకునేదాన్ని.

పోయిన వానాకాలం తనకు జ్వరం వచ్చింది. తగ్గిందని తలకు పోసుకొని, తడికాళ్ళతోనే ముందుగదిలోకి పోయింది. పరిచి ఉన్న పేపరు చుట్టబోయి దాని కొస మీద కాలు పెట్టింది. "తల తిరగతా ఉండాదమ్మా" అని ఆ పక్కనే కూర్చుంది. పేపరు వాళ్ళ నాయన పైకి చుట్టేశారు. తనను కృష్ణగిరికి తీసుకుపోయాము. ఆసుపత్రి నుంచి మళ్ళీ తనకు తానుగా నడిచి రాలేదు.

ఆ ముందుగదిలోనే పడుకోబెట్టారు. ఆ గోడకు దేవుడి పటాలున్నాయి. చావు జరిగిన ఇంట్లో దేవుళ్ళు కనబడకూడదు, గుడ్డ కప్పాలి. మా వీధిలో పెద్దది మద్దమ్మ, "గుడ్డ ఎతికేది ఎందుకు, ఆ పేపరు దించండప్పా" అంది. దించారు. దేవుళ్ళు దాని వెనక్కి పోయారు. కానీ దాంతోపాటు సుమ పాదం కూడా దిగింది. తడి ఆరిపోయి బూడిదరంగు మచ్చ పడింది. మడమ, అయిదు వేళ్ళు. వచ్చినవాళ్ళు తొక్కకుండా నేను చేయి అడ్డం పెట్టుకొని కూర్చున్నాను.

కుప్పం నుంచి, కోలారు నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అందరిదీ ఒకటే మాట. "ఎప్పుడు ఎత్తేది? ఎప్పుడు ఎత్తేది?"

దినాలయ్యాక పేపరు చుట్టేశాము. అప్పటి నుంచి మధ్యాహ్నం పూట అది దానంతటదే దిగడం మొదలుపెట్టింది. వంటింట్లో ఉంటే వినబడేది, చీర కుచ్చిళ్ళు జారినట్టు. పోయి చూస్తే నేల దాకా వచ్చి ఉండేది. మా ఆయన క్లిప్పులు మార్చారు. రెండు రోజులు ఆగి మళ్ళీ దిగింది. "ఊడదీసేస్తానమ్మే" అన్నారు. వద్దన్నాను. నేనే చుట్టేదాన్ని. చుట్టేకొద్దీ ఆ పాదం నేల వదిలి గోడ మీదికి నడిచేది. అది పైదాకా పోయేవరకూ నేను ఊపిరి పీల్చేదాన్ని కాదు. ఈ ఇంట్లో సుమ కాలు మోపిన గుర్తు అదొక్కటే మిగిలింది.

ఒకరోజు సుమ సెల్లు మోగింది. ఆఫ్ చేయడానికి మనసు రాక చార్జింగ్ పెడుతూ ఉన్నాను.

"అక్కా, నేను కలైసెల్వి. ఎప్పుడు ఎత్తేది?" అంది ఒక గొంతు.

ఇంకా తెలియని చుట్టాలెవరో అనుకున్నాను.

"ఎత్తేసినాము తల్లీ. ఎప్పుడో ఎత్తేసినాము."

"ఎత్తేసినారా? నా బిడ్డ ఈడ నా ఒళ్ళోనే ఉండాడు గదక్కా! ఎవుర్ని ఎత్తినారు?"

నేను ఫోను కింద పెట్టేశాను. మా వైపు ఫోటో అయినా ఎత్తేదే, పీనుగైనా ఎత్తేదే అని నాకు చానా సేపటికి గానీ తట్టలేదు.

మరుసటి రోజు పొద్దున్నే ఆ పిల్ల అత్తిముగం నుంచి బస్సులు మారి వచ్చేసింది. సుమతో కంపెనీలో పని చేసిన పిల్ల. చంకలో ఏడాది నిండిన మగబిడ్డ. ఒత్తైన జుట్టుకు పిలక వేసి, కనకాంబరాలు చుట్టింది.

"అమ్మా, నిన్న అక్క ఏమో తిక్కతిక్కగా మాట్లాడింది. కోపమా నా మింద? యాడుండాది?"

నేను గోడ వైపు చూశాను. తనూ చూసింది. దండ వేసిన పటం కింద దీపం వెలుగుతూ ఉంది. ఆ పిల్ల గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. బిడ్డ వాళ్ళమ్మ మొగం చూసి బిక్కమొగం పెట్టాడు.

"తెలియకుండా వచ్చేసినానమ్మా. రేపు కులదేవత గుళ్ళో వీడికి పుట్టెంటికలు తీస్తారు. ఈ జుట్టుతో ఒక్క ఫోటో సుమక్కే ఎత్తాలని మాటిచ్చింది. పోతానమ్మా, సెల్లులో ఎత్తుకుంటాను."

"సెల్లులో ఎత్తేదైతే ఈడనే ఎత్తు" అన్నాను. "రా, కూర్చో."

పేపరు దించాను. ముందు పాదమే వచ్చింది. కలైసెల్వి బిడ్డను దించబోతూ ఆగింది.

"ఎవురో తొక్కినారే. దీన్ని కట్ చేసేస్తారు గదమ్మా?"

"అది సుమది."

ఆ పిల్ల బిడ్డను చటుక్కున ఎత్తుకుంది. "వద్దమ్మా. వద్దే వద్దు. వీన్ని ఇట్లే ఎత్తుకొని పోతాను."

కత్తిరిస్తే సుమ నిలబడడానికి ఈ ఇంట్లో చోటు లేదు. కత్తిరించకపోతే, రేపు ఆ జుట్టు పోతుంది, మళ్ళీ రాదు. సుమ ఉండుంటే ఆలోచించకుండా కత్తెర తెచ్చుండేది. మాసిన పేపరు మీద బిడ్డను కూర్చోబెట్టడం దానికి ఎన్నడూ చేతకాలేదు.

కత్తెర తెచ్చాను. పేపరు తెగే చప్పుడు చాలా సేపు వచ్చినట్టనిపించింది.

కొత్త తెలుపు మీద బిడ్డను కూర్చోబెట్టాము. వాడు రెండు చేతులూ నేలకేసి కొట్టి, వెక్కిరించినట్టు నవ్వి, అక్కడే ఉచ్చ పోశాడు.

"ఓరి నీ పాసుగాలా! ఇంత తెల్లగా ఉండేది చూసి ఓర్చుకోలేకపోయినావా!" అని కలైసెల్వి ఏడుస్తూనే నవ్వింది. ఆ ముక్క కూడా కత్తిరించాను. నేను కిటికీ తలుపు తెరిచి వెలుతురు ఇస్తే, తను సెల్లులో ఫోటో ఎత్తుకుంది. పోతూ పోతూ నా కాళ్ళకు మొక్కింది.

పాదం ఉన్న ముక్క నేల మీద దానంతటదే ముడుచుకుంటూ ఉంది. అరలో పరిచేది కాదు అది. పాదం లేని వైపు కొంత కత్తిరించి, మిగిలింది మెల్లిగా చుట్టి, దారం కట్టాను. పేపరు పడుకోబెడితే వంపు తిరుగుతుందని సుమ ఎప్పుడూ నిలబెట్టే ఉంచేది. పడకగదిలో బీరువా పక్కన మూలకు నిలబెట్టాను. సుమ భుజమంత ఎత్తు వచ్చింది.

మసకచీకటి వేళ మా ఆయన తోట నుంచి వచ్చారు. కరెంటు లేదు. పడకగది గడప మీద కాలు పెట్టి అక్కడే ఆగిపోయారు.

"ఎవురమ్మే ఆడ నిలబడుండేది?"

పేపరు అని చెప్పవచ్చు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకొని, నిద్రపోయే బిడ్డ ఉన్న గదిలోకి పోయినట్టు అడుగులు చప్పుడు కాకుండా లోపలికి పోయి, మంచం అంచున కూర్చున్నారు. దీపం తెమ్మని అనలేదు.