ఖాళీ రేకు చుట్టనన్న మేస్త్రీ గారు

ఏలూరు నుంచి ఆదివారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. వేడి పోకుండా ఆవిరి పైపులకి గాజుదూది చుట్టే మా మేస్త్రీ గారు పోయారు. చర్చి నుంచి ఇంటికొచ్చి, అన్నం పెట్టమని, కుర్చీలోనే ఒరిగిపోయారట. మా మేనేజరుకి చెప్పాను. "అయ్యో, ఆయనా!" అన్నాడు. ఆ వెంటనే, "ఆ పని చేసేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమో కనుక్కో," అన్నాడు. ఫోను పెట్టేసి మొహం కడుక్కున్నాను. ఆ రోత పోలేదు.

తాడేపల్లిగూడెం దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లులో నేను బాయిలర్ ఆపరేటర్నండీ. ధాన్యం ఉడకాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి ఊక కాలాలి. మేస్త్రీ గారు రాకముందు మా పైపులన్నీ బోడిగా ఉండేవి. ఎంత ఊక పోసినా చివరి ట్యాంకుకి ఆవిరి నీరసంగా చేరేది. ఆయన వచ్చిన మొదటిరోజు పైపుకి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి, ఆ చివరిదాకా నడిచారు. "ఆకాశానికి వంట చేసి పెడుతున్నారండీ మీరు," అన్నారు.

దూది నొక్కేసి చుడితే ఊరుకునేవారు కాదు. "దుప్పటి కప్పినట్టుండాలి బాబూ, కట్టు కట్టినట్టు కాదు." వంపుల దగ్గరా వాల్వుల దగ్గరా మిగతావాళ్ళు వదిలేస్తారు. ఈయన అక్కడే ఎక్కువసేపు కూర్చునేవారు. పైన అల్యూమినియం రేకు తొడిగి, వాన నీరు దిగకుండా అతుకు కిందికి తిప్పేవారు. ఆ సీజన్లో మా మిల్లులో ఊక మిగిలిపోయింది.

రెండేళ్ళకి మరమ్మతని చాలాచోట్ల ఆ దూది పీకేశారు. తిరిగి వెయ్యలేదు. అది గోడ పక్కన వానకి తడిసి ముద్దయింది. ఇంతలో ఇంధనం పొదుపు చేసే మిల్లుకి బహుమతి అన్నారు, చూడ్డానికి అధికారులొస్తారన్నారు. మేనేజరు ఆయన్ని పిలిపించాడు.

"దూది తరవాత చూద్దాం. ముందు రేకు చుట్టెయ్యండి, మెరవాలి."

"లోపల ఏమీ లేకుండానా అండీ?"

"లోపలెవరు చూస్తారండీ?"

"చెయ్యి వేసినవాళ్ళకి తెలుస్తుందండీ," అని ఆయన సామాను సర్దుకుని వెళ్ళిపోయారు.

ఇంకెవరో వచ్చి ఖాళీ రేకు చుట్టారు. అధికారులు దూరం నుంచే చూసి, జీడిపప్పు తిని మెచ్చుకున్నారు. మేనేజరు శాలువాతో ఫోటో దిగాడు. నాలుగు రోజులకి, ఊక ఊడ్చే ఆవిడ కప్పి ఉంది కదా అని ఆ రేకు మీద చెయ్యి ఆనించింది. అరచేతి తోలు రేకుకి అంటుకుపోయింది. "చూసుకోవద్దా?" అని ఆవిణ్ణే కసిరాడు మేనేజరు.

సంగతి తెలిసి మేస్త్రీ గారు బస్సెక్కి వచ్చారు. అందరూ చూస్తుండగా ఆ రేకుని నిలువునా కత్తిరించారు. లోపల బోడి పైపు. "ఇదండీ మీ బహుమతి," అన్నారు. గొంతు పెంచలేదు. ఆయన్ని మళ్ళీ గేటు లోపలికి రానివ్వద్దన్నారు మా వాళ్ళు. ఆ రేకు ఖాళీ అని నాకు మొదట్నుంచీ తెలుసు. అక్కడే ఉండి కూడా ఒక్క మాట అనలేదు. మేనేజరు కంటే నన్ను తలుచుకుంటేనే నాకు ఎక్కువ అసహ్యం. దూది వేసేదాకా షెడ్డులోకి రామని భీష్మించింది ఊడ్చే ఆడవాళ్ళే. వారంలో వేయించారు. ఆయన చేత మాత్రం కాదు. ఆ వేసింది ఊడిపోతుంటే, ఈమధ్యే మళ్ళీ ఆయన్ని పిలుద్దామన్నాడు మేనేజరు.

మట్టి అయిన మర్నాడు ఏలూరు వెళ్ళాను. ఆయన భార్య పెరట్లో విడిగా ఒక బకెట్ పెట్టుకుని, ఆయన పని చొక్కా జాడిస్తున్నారు. "గాజు నలుసులుంటాయి బాబూ, పిల్లల బట్టల్లో కలపనివ్వరు ఆయన," అన్నారు. చొక్కా ఎండకి ఎత్తి చూశారు. మెడపట్టీ దగ్గర ఇంకా రెండు మూడు మెరుస్తున్నాయి. మళ్ళీ నీళ్ళలో ముంచారు.