శ్రావణంలో ఏం సుగ్గి?

నాకు నోరెక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అననీ. అట్లాంటిదానికి నాటకంలో దొరికిన వేషమేందో తెలుసా? గోడవైపు తిరిగి పండుకుని ఉలుకూ పలుకూ లేకుండా ఉండే అమ్మ వేషం! దోమ కుట్టినా గోక్కోకూడదు.

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల బళ్ళలో పిల్లల కోసం మేం కొంతమందిమి కలిసి ఆడతాండే నాటకం అది. మొగుడు ఇల్లిడిసి పోతాడు. పెళ్ళాం మనసు చెదిరి మంచం పడుతుంది. ఊళ్ళోవాళ్ళు గాలి సోకిందంటారు. కూతురు మాత్రం ఆస్పత్రికి పోదాం పా అమ్మా అంటుంది. కథ అంతే. కూతురి వేషానికి ఆదోనిలో మా వెనక వీధి పిల్ల కుదిరింది, తొమ్మిదో తరగతి. మొదట్లో దాని మాట దానికే వినపడేది కాదు. "గట్టిగా సెప్పుమే, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్యావా?" అని రోజూ కసిరేదాన్ని. కొన్నాళ్ళకు అదే నన్ను కసరబట్టింది. "పెద్దమ్మా, నువ్వు నిజంగానే గురక పెడతాండావు, నాకు నవ్వొస్తాంది" అనేది. ఆ పిల్ల నవ్వితే నాకు కడుపు నిండినట్టుండేది.

నాటకంలో పక్కింటామె "మీ నాయన యాడికి పోయినాడు?" అని అడిగితే, "పని మీద పోయినాడు" అనల్ల. ఈ పిల్ల తనంతట తనే "సుగ్గికి పోయినాడు" అని మార్చింది. మాపక్క సుగ్గి అంటే తెలియనోళ్ళు లేరు. వాన మొఖం చూడని ఊళ్ళు కదా, కోసిగి పక్క పల్లెల్లో ఇళ్ళకు తాళాలేసుకుని గుంటూరు దిక్కు మిరపకాయ కోతలకు పోతారు, ఉగాదికి తిరిగొస్తారు, అదే సుగ్గి. మాట బాగా అతికింది, ఉండనీ అన్నాను.

ఆ వారమే పిల్ల తల్లి మా ఇంటికొచ్చింది. పత్తి మిల్లులో పని చేసే మనిషి, తల్లో ఇంకా దూది పోగులున్నాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, నా కూతుర్ని నాటకంలోంచి తీసెయ్. మా ఇంటి సంగతి రచ్చకెక్కిస్తాండారు మీరు."

"మీ ఇంటి సంగతి నాకేం తెల్సు తల్లీ?"

అప్పుడు గడప మీద కూలబడి ఏడ్సింది. మొగుడు బళ్ళారిలో ఇంకొకామెతో కాపురం పెట్టినాడంట. అడిగినోళ్ళందరికీ సుగ్గికి పోయినాడని తను చెప్పింది, కూతురితోనూ అదే చెప్పించింది. పిల్ల ఏ స్నేహితురాల్నీ ఇంటికి పిలవదంట, అదీ అందుకే. "నేనూ నీ వేషం మాదిరే శానా నాళ్ళు గోడదిక్కు తిరిగి పండుకుంటి. ఆస్పత్రి మాత్రలేసుకున్యాక మనిషినైనా" అనింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మొగుణ్ణి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టినాను. ఏడుస్తూనే ఆమెకు నవ్వొచ్చింది.

"ఒక్కసారి వచ్చి సూడు, ఆ పైన నీ ఇష్టం" అన్నాను.

"సూస్తా. మా సంగతి బయటపడిందంటే ఆడికాడే పిల్ల చెయ్యి పట్టుకోని పోతా. మళ్ళా పంపీను."

నా భయమంతా పిల్ల గురించే. ఇప్పుడిప్పుడే మాటలు నేర్చింది, నాటకం మానిపిస్తే మళ్ళీ మొదటికొస్తుందేమోనని.

శ్రావణ మాసంలో ఎమ్మిగనూరు బళ్ళో నాటకం. తల్లి వచ్చి వెనక వరుసలో కూర్చుంది. నేను చాప మీద అటు తిరిగి పండుకున్నాను. నాకు కనబడేది వెనక కట్టిన పువ్వుల దుప్పటి ఒక్కటే. పక్కింటామె అడిగింది. "మా నాయన సుగ్గికి పోయినాడు" అనింది పిల్ల.

"శ్రావణంలో ఏం సుగ్గి మే! అందరూ ఎప్పుడో వచ్చినారు గదా!" అని ముందు వరుసలోంచి ఎవరో అరిచినారు. బడంతా పగలబడి నవ్వింది.

నిజమే కదా! ఆ పిల్లలకున్న బుద్ధి మాకు లేకపాయె! లేచి ఏదో ఒకటి అందామంటే మంచం పట్టిన అమ్మనైపోతిని. మాట్లాడు తల్లీ, ఏదన్నా మాట్లాడు అని దుప్పటి పువ్వులకు మొక్కుకున్నాను.

"అవును, సుగ్గి అయిపోయింది" అనింది పిల్ల. "మా నాయన రాలేదు. రాడు. మమ్మల్ని ఇడిసిపెట్టి పోయినాడు. మీరు అడిగినప్పుడల్లా ఏం చెప్పల్లో తెలీక అట్ల చెప్తాండా."

నవ్వులు ఆగిపోయినాయి. నాటకంలో లేని మాటలవి. అయిపోయింది, ఇప్పుడు తల్లి లేచొస్తుంది అనుకున్నాను. ఆమె రాలేదు. పిల్లల్లోంచి ఒక సన్నటి గొంతు మాత్రం వినపడింది. "మేమూ అట్లే చెప్తాము." ఎవరూ నవ్వలేదు. మా పిల్ల నా దగ్గరికొచ్చి "లెయ్ మా, ఆస్పత్రికి పోదాం" అని చెయ్యి పట్టుకుంది. చెయ్యి చెమటతో తడిసి ఉంది, గొంతు మాత్రం గట్టిగా ఉంది. నేను కళ్ళు తుడుచుకుంటా లేచింది నటన కాదు. నాటకమయినాక ఆ బడి టీచరమ్మ సన్నగొంతు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నిదానంగా మాట్లాడతా ఉంది.

ముగ్గురం ఆదోని బస్సెక్కినాము. తల్లి చేతిలో టికెట్టు మడతలు పెడతా కూర్చుంది. పిల్ల ఆమె మొఖం చూడలేక కిటికీ వైపు తిరిగింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను, అదీ ఒక వింతే. దారిలో వాళ్ళ వీధిలోని ఒకామె ఎక్కి మా ముందు సీట్లో కూర్చుంది. వెనక్కి తిరిగి తల్లిని చూసి నవ్వింది.

"ఏమ్మా, మీ ఇంటాయన ఇంకా సుగ్గిలోనే ఉండాడా?"

పిల్ల తల వంచుకుంది. తల్లి కొంగు సర్దుకుని, బస్సులో నలుగురికీ వినపడేటట్టు చెప్పింది.

"లేదక్కా, ఆయప్ప ఇంక రాడు. మా పిల్ల ఈ పొద్దు ఎమ్మిగనూరులో నాటకమాడింది. శానా బాగా ఆడింది. మళ్ళా ఆడేటప్పుడు నువ్వు గూడా రా."