తెలియదని చెప్పిన డాక్టరుగారు

మొన్న ఆదివారం పొద్దున అద్దంకి నుంచి పిన్ని ఫోన్ చేసింది. "స్పిరిట్ రాయకుండా సూది వేసే పిల్లల డాక్టరు లేడూ, ఆయన పోయాడంట." ఆ క్లినిక్కులో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసినదాన్ని. ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. ఆయనకు మిగిలిన పేరు అదా?

మిరపకోతల రోజుల్లో తల్లులు చేలోంచే పిల్లలతో వచ్చేసేవాళ్లు. "ముందు చేతులు కడుక్కోమ్మా. కారం చేతులతో పిల్లాణ్ణి పట్టుకోమాక" అనేవారు డాక్టరుగారు. బిడ్డ తొడను సబ్బునీళ్లతో కడిగించి, ఆరాక టీకా వేసేవారు.

"స్పిరిట్ కూడా రాస్తే ఏం పోతుంది సార్?" అని అడిగాను.

"పోయేదేం లేదు. శుభ్రంగా ఉన్న చర్మానికి అది రాస్తే చీము పట్టదని గట్టి రుజువేదీ నేను చూడలేదమ్మా."

ఒక ఏడాది ఒక పసివాడికి టీకా వేసినచోట చీముగడ్డ లేచింది. ఆయనే కోసి, రోజూ కట్టు కట్టి నయం చేశారు. అయినా వాడి నాయనమ్మ నిండు హాల్లో నిలదీసింది.

"దూదితో తుడవకుండా పొడిచావు. అందుకే ఇట్టయింది. కాదని చెప్పు!"

"అందుకేనని చెప్పలేనమ్మా. కాదనీ చెప్పలేను" అన్నారాయన.

అంతే. మర్నాటికి బెంచీలు ఖాళీ.

నాకు ఒళ్లు మండింది. "కాదని ఒక్క మాట అంటే సరిపోయేది కదా సార్!"

"తెలియంది తెలుసని ఎట్టా అంటామమ్మా?"

రావడం మానేసినవాళ్లలో కొందరు ఇంకెక్కడా టీకాలు వేయించలేదని తెలిశాక మాత్రం ఆయన కుదేలయ్యారు. తానే స్పిరిట్ సీసా తెచ్చి నా చేతికిచ్చారు. "రాయి. బాగా ఆరాకే సూది. పిల్లలకి టీకాలు తప్పిపోవడం కంటే ఇది నయం."

తల్లులు మెల్లగా తిరిగొచ్చారు. పేరు మాత్రం మారలేదు. మొన్న ఆయన సమాధి దగ్గర కూడా నా వెనక ఎవరో గొణిగారు: "మొదట్నించీ రాసుంటే ఆ గొడవే లేకపోను." వెనక్కి తిరిగి కేకలేద్దామనుకున్నాను. ఏమని? ఆ గడ్డ ఎందుకు లేచిందో నాకూ తెలియదు. తెలియదని నిజం చెప్పిన మనిషిని ఇన్నేళ్లు తప్పు పట్టడమే నాకు మింగుడుపడదు.

అక్కణ్ణుంచి క్లినిక్కుకు వెళ్లాను. తాళం వేసిన తలుపు ముందు, కనిగిరి బస్సు దిగి వచ్చిన ఒక తల్లి నిలబడి ఉంది. సంగతి ఆమెకు ఇంకా తెలియదు. భుజం మీద నిద్రపోతున్న బిడ్డ గౌనును తొడ పైదాకా మడిచి, సూదికి సిద్ధంగా పట్టుకుని ఉంది.