పోర్టర్ చెవులు

జనవరి నెలంతా మా కోడలు ఊనా చీకటి విడకముందే లేచి పోర్టర్ అనే గుర్రాన్ని రోడ్డు మీద నడిపించింది. చలికాలమంతా పచ్చికలో తిరిగిన గుర్రానికి పోటీల ముందు తారురోడ్డు నడకే కాళ్ళు గట్టిపరుస్తుందని ఐర్లండ్‌లో మా టిప్పరరీ వైపు నమ్మకం. వానలో ఆ లాడాల చప్పుడు వంటగదిలోకి వినిపించేది. నేను కిటికీకి వీపు పెట్టి సోడా రొట్టె పిండి కలుపుకునేదాన్ని. సెప్టెంబరు నుంచి ఆ గుర్రం మొహం నేను చూడలేదు.

మా అబ్బాయి కోనల్ పోటీలో దాని మీంచి పడే చనిపోయాడు. పొలాల మీదుగా దుంగలూ గోతులూ నీళ్ళూ దాటే పరుగు అది. నీళ్ళ గుంట ముందున్న దుంగకు గుర్రం ముంగాళ్ళు తగిలాయి. ఇద్దరూ బోర్లాపడ్డారు. వాడి ఒంటి మీద గాలి కోటు ఉంది. ఆ కోటుకు ఒక తాడు ఉంటుంది, దాన్ని జీనుకు క్లిప్పుతో తగిలిస్తారు. మనిషి జీను వదిలి పడితే తాడు లాగి, లోపలి సిలిండర్ తుపాకీలా పేలి, కోటు దిండులా ఉబ్బుతుంది. ఉబ్బింది. ఉబ్బినా గుర్రం వాడి మీదే పడింది. తర్వాత అది లేచి నిలబడింది. దాని ఒంటి మీద ఒక్క గీత లేదు.

ఊనాది క్లేర్ జిల్లా. పాల లారీ నడిపే ఆయన కూతురు. పక్కింటి గాడిద మీద స్వారీ నేర్చుకుందట. మా గుర్రాలశాలలో పేడ ఎత్తే పనికి వచ్చి, కోనల్ చేత నాలుగు చివాట్లు తిని, తిరిగి ఎనిమిది పెట్టి, ఆఖరికి వాణ్ణే చేసుకుంది. వంట రాదు. బంగాళాదుంపలు ఉడకబెడితే గిన్నె మాడుతుంది. టీ కప్పు దాణా పెట్టె మీద పెట్టి మర్చిపోతుంది, సాయంత్రం నేను వెళ్ళి తెచ్చుకోవాలి. కానీ ఆమె ఎక్కితే మొండి గుర్రం కూడా మెడ దించుతుంది. వాడు పోయాక అందరూ పుట్టింటికి వెళ్ళిపోతుందనుకున్నారు. వెళ్ళలేదు. "కళ్ళెం పట్టుకుంటే అవతలి కొసన కోనల్ చేతులే తగులుతాయి బ్రీడా," అంది నాతో ఒకసారి. పోర్టర్‌ని నాలుగేళ్ళ వయసు నుంచీ మలిచింది వాడే.

కానీ పోర్టర్ మాది కాదు, మిసెస్ ప్రెండర్గాస్ట్‌ది. ఆవిడ క్రిస్మస్‌కి కేకు పట్టుకుని వచ్చి, కోటు విప్పకుండానే చెప్పింది. మార్చిలో మొదటి పోటీ వచ్చేలోపు మా పొలంలో నీళ్ళ గుంట దూకితే గుర్రం ఇక్కడే ఉంటుంది. లేదంటే ఇంగ్లండ్‌లో ఒక రౌతు అడుగుతున్నాడు, పంపేస్తుంది. ఆ పోటీలకు తూగే గుర్రం ఊనాకి మరొకటి లేదు. నాకు వాడి చేతుల ఆనవాలు ఇంకెక్కడా లేదు.

ఇంటి దగ్గర ఇసుకలో రంగు కర్రలన్నీ పోర్టర్ చక్కగా దూకుతాడు. పొలంలో దుంగల దగ్గరకు తీసుకెళ్తే ఆగిపోతాడు. ఒకసారి కాదు, ప్రతిసారీ.

"ఇంట్లో పులి, పొలంలో పిల్లి," అన్నాడు లాడాలు కొట్టే టైగ్, గుర్రం కాలు ఒళ్ళో పెట్టుకుని. "మా ఆవిడా అంతే. చర్చికెళ్తే నోరు లేవదు."

"ఉండు, ఆవిడకి చెప్తా," అంది ఊనా.

"చెప్పు తల్లీ. ఈ ఏడు నువ్వు ఎగిరించగలిగేది ఆవిడనొక్కదాన్నే."

ఊనా నవ్వలేదు. టైగ్ నోట్లో మేకులు పెట్టుకుని మాట్లాడటం మానేశాడు. వెళ్ళేటప్పుడు ఆ రోజు కూలి తీసుకోలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

జనవరి చివరిరోజు పొలం గేటు పట్టుకునే మనిషి లేక ఊనా నన్ను పిలిచింది. వెళ్ళాను. కళ్ళు దించుకునే ఉన్నాను. ఊనా ఎక్కి, గాలి కోటు తాడు తగిలించింది. క్లిప్పు టిక్కుమంది. గేటు నా చేతిలో అదిరింది. తలెత్తితే పోర్టర్ గేటుకు ఆనుకుని ఉన్నాడు, రెండు చెవులూ మెడకు అతుక్కుపోయి. చెమట పట్టేసింది.

"ఊనా, అది తీసి మళ్ళీ పెట్టు."

తీసింది. పెట్టింది. టిక్. మళ్ళీ అదే వణుకు.

ఇంటి దగ్గర కర్రలు దూకేటప్పుడు గాలి కోటు వేసుకోరు. పొలంలోనే వేసుకుంటారు. పోర్టర్‌కి టిక్ అంటే ఆ పేలుడు. వాడి భయం దుంగా కాదు, నీళ్ళూ కాదు.

ఊనా క్లిప్పు తీసేసి దిగింది. తర్వాత కోటు విప్పడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావ్?"

"లోపల గట్టి కోటు ఉందిగా. రూలుకి అది చాలు. ఇది లేకుండానే ఎక్కుతా."

"చచ్చినా ఒప్పుకోను."

"కోనల్‌కి ఉంది కదా బ్రీడా. ఏం చేసింది వాడికి?"

"ఏం చెయ్యలేదు," అన్నాను. "అయినా వేసుకో. గుర్రం పోతే పోనీ. నిన్ను కూడా తెల్ల గుడ్డలో చూడలేను."

"గుర్రం పోతే నేనెందుకిక్కడ?" అని గుర్రం మెడలో మొహం పెట్టుకుంది. గేటు పట్టుకుని నేను అలాగే నిలబడ్డాను.

ఆ సాయంత్రం బ్రిజిడ్ అమ్మవారి పండగకి ఏటా చేసినట్టే ఒక గుడ్డ పొద మీద ఆరేశాను. రాత్రి ఆవిడ ఆ దారిన పోతూ తాకుతుంది, గుడ్డకి మందు గుణం వస్తుంది అంటారు. మా అమ్మ దాన్ని ఈనే ఆవు నడుముకి చుట్టేది. నిరుడు నేను కోనల్ జేబులో పెట్టాను. అందుకే ఈసారి ఆరేస్తుంటే నమ్మకం లేదు, చేతులకి అలవాటు ఉంది, అంతే. పొద్దున మంచుతో తడిసిన ఆ గుడ్డ తెచ్చి, పేలికలు చింపి, క్లిప్పు రెండు ముక్కలకీ చుట్టి కుట్టాను. ఊనా పోర్టర్ చెవి పక్కన పెట్టి నొక్కింది. చప్పుడు రాలేదు. చెవులు కదలలేదు.

ఫిబ్రవరి చివర మిసెస్ ప్రెండర్గాస్ట్ చూడటానికి వచ్చింది. కారు దిగలేదు, అద్దం దించింది. పోర్టర్ దుంగ దూకాడు, గొయ్యి దూకాడు, నీళ్ళ ముందు ఒక్క క్షణం బిగుసుకుని, దూకాడు. నీళ్ళు వాడి పొట్ట దాకా లేచాయి. ఊనా ఏడుస్తూ నవ్వుతూ వచ్చి ఆగి, వాడి మెడ కావలించుకుని, దిగడానికి కాలు ఇవతలికి తిప్పింది. తాడు ఇంకా జీనుకే ఉంది. నేను చూశాను. నోరు తెరిచాను. మాట రాలేదు.

ఢాం అని పేలింది.

పోర్టర్ కళ్ళేలు ఈడ్చుకుంటూ నీళ్ళలో పడి అవతలి మూలకి పారిపోయాడు. ఊనా బురదలో కూలబడింది, ఉబ్బిన కోటులో మెడ తిరగక. తాడు తీయకుండా దిగే ఈ తప్పు స్వారీ చేసే ప్రతివాళ్ళూ ఒకసారి చేస్తారు, ఏళ్ళ తరబడి దాని మీద నవ్వుకుంటారు. ఎవరూ నవ్వలేదు.

"దెబ్బ తగిలిందా?" అంది మిసెస్ ప్రెండర్గాస్ట్.

"లేదు."

"అయితే విను. శనివారం లారీ పంపిస్తాను."

"దూకాడు కదండీ, మీ కళ్ళ ముందే!"

"దూకాడు. ఇప్పుడు వాణ్ణి ఎవరు పట్టుకుంటారమ్మా?"

ఊనా లేవబోతే కోటు బుస్సుమంది. దూరాన పోర్టర్ ఇంకో రెండడుగులు వెనక్కి వేశాడు. ఊనా వెళ్ళడానికి లేదు. ఇంకెవరున్నారు? నేను వంటింటి చెప్పులతోనే నీళ్ళలో దిగాను. మోకాళ్ళ దాకా చలి. కోనల్ వాణ్ణి పిలిచేటప్పుడు నాలుకతో చేసే చప్పుడు నాకు తెలుసు, వంటగదిలోకి వినిపించేది. అది చేశాను. వాడు రాలేదు, పారిపోనూ లేదు. వెళ్ళి కళ్ళెం పట్టుకున్నాను. వాడి గుండె నా మోచేతికి కొట్టుకుంటోంది. నా కొడుకు మీద పడిన గుండె అదే. మొహం తిప్పుకోలేదు. తీసుకొచ్చాను.

"ఇంకో సిలిండర్ ఉందా?" అన్నాను ఊనాతో.

కోటుకి కొత్త సిలిండర్ బిగించుకుని వచ్చింది. ఎక్కింది. నేను గుర్రం తల పట్టుకుంటే గుడ్డ చుట్టిన క్లిప్పు తగిలించింది. పోర్టర్ నిలువెల్లా వణికాడు, కానీ నిలబడ్డాడు.

మిసెస్ ప్రెండర్గాస్ట్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసింది. "ఒక్క పోటీ," అంది. "మళ్ళీ ఇలా పేలితే ఇంక అడగొద్దు. దిగేటప్పుడు ఎవరు చూస్తారు?"

"నేనుంటాను," అన్నాను.

రేపే ఆ పోటీ. ఊనా పడుకుంది, నిద్రపోయి ఉండదు. బూట్లు పొయ్యి పక్కన సిద్ధంగా పెట్టాను. రేపు నా పని ఒక్కటే. పరుగు ముగిసే గీత దగ్గర నిలబడి, ఆమె కాలు తిప్పకముందే "క్లిప్పూ!" అని అరవాలి. మొన్నలా గొంతు పట్టేయకుండా గిన్నెలు కడుగుతూ వారమంతా అరిచి చూసుకున్నాను. గొంతు వస్తోంది. కానీ ఆ గీత దగ్గర నుంచి చూస్తే నీళ్ళ గుంట కనపడదు, చెట్లు అడ్డం. నేను ఆ మాట అరవాలంటే ముందు ఆ చెట్ల వెనక నుంచి వాళ్ళిద్దరూ తిరిగి రావాలి.