ఊటల తోట

వాస్తు అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. వంటగది దిక్కు మార్చమన్న పెద్దమనిషితో గుమ్మంలోనే జగడమాడిన దాన్ని. మా తోట పోతుందనుకున్న రోజున నా నోటికి పరీక్ష వచ్చింది.

ఇబ్రహీంపట్నం దగ్గర ఆ తోటను మా తాత వేశాడు. చుట్టూ జొన్నచేలు, మధ్యలో పోకచెట్లు, పనసలు, తామరకొలను, మాను నిండా పూసే నాగమల్లి. ఒకప్పుడు ఆదివారమొస్తే దాన్ని చూడ్డానికి పట్నం నుంచి బస్సుల్లో జనం దిగేవాళ్లు. పులిహోర పొట్లాలు విప్పి, నాగమల్లి కింద ఫొటోలు దిగేవాళ్లు. ఎండాకాలం తోటలోని మోటబావి అడుగంటేది. ఇక ఇంటిల్లిపాదికీ చెరువు నుంచి నీళ్లు మోయడమే పని. చుట్టాలొచ్చినా చేతికో బిందె ఇచ్చేవాళ్లం.

తరువాత జనం రావడం తగ్గింది, భూమి ధర పెరిగింది. కొంగరకలాన్ వైపు కంపెనీలు రాగానే బాబాయిలు పట్టుబట్టి పొలంతో పాటు తోటనూ వెంచర్‌కు అమ్మించారు. వాళ్ల అన్న, మా బాపు ఒక్కడే వద్దన్నాడు, ఆయన మాట చెల్లలేదు. నక్షాలో తోటంతా ప్లాట్లు. పార్కుకేమో మూలనున్న రాళ్లగుట్ట! బాపుకు అన్నం సహించలేదు.

ప్లాట్ల అమ్మకాల రోజు షామియానా వేశారు, బిర్యానీ పెట్టారు. కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన ఒకాయన సెల్‌ఫోన్‌లో దిక్కులు చూసుకుంటూ బావి దగ్గర ఆగాడు.

"దీన్ని పూడ్చేస్తారాండీ? పూడ్చిన బావి మీద, ఊటల మీద ఇల్లు కట్టడం వాస్తుకు పడదంటారే!"

"ఈ ఒక్క ప్లాటే సార్," అన్నాడు ఏజెంటు.

నాగమల్లి కింద కూర్చున్న బాపు లేచాడు. "ఒక్క ప్లాటేంది సార్? తోట మొత్తం కింద ఊటలే. గీ బావి ఎన్నడన్న ఎండిందా?"

బిందెలు మోసి నడుం పట్టేసిన నేను పక్కనే ఉన్నాను. పళ్లు బిగబట్టి, "అవ్ సార్, మస్తు నీళ్లు," అన్నాను.

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. మాట షామియానాకు చేరింది, అక్కణ్నుంచి ఫోన్లకెక్కింది. నెలలు గడిచినా తోటలో ప్లాటు అడిగిన నాథుడు లేడు. చివరికి వెంచర్ వాళ్లే నక్షా మార్చారు. గుట్టను చదును చేసి ప్లాట్లు వేశారు, తోటను పార్కుగా వదిలేశారు.

ఆ సంగతి తెలిసిన రోజు బాపు మారు వడ్డించుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ అన్నాడు:

"ఏజెంటుకు భయపడలే బిడ్డా. వాస్తు గీస్తు అంత ఉత్తదేనని నువ్వెక్కడ కొట్లాటకు దిగుతవో అని నా పానం దడదడ కొట్టుకున్నది."