సగం కోసిన తలుపు

రెండేళ్ల క్రితం గ్రాంట్ రోడ్‌లో బస్సెక్కి ఒక ముసలావిడ నా పక్కన కూర్చుంది. నేను కాగితం మీద ఇటుకల లెక్క వేసుకోవడం చూసి, "బిడ్డా, అంకెలు చదవొస్తయా? జర నాతోని దిగుతవా?" అని అడిగింది.

కామాటిపురలో ఆమె ఖోలీ, అంటే ఒంటిగది ఇల్లు, ఉన్న వరస గదుల పాత చాల్‌ను పడగొట్టారు. సర్వేవాళ్లు తలుపు మీద రాసిన నంబరు చెబితేనే కొత్త ఇల్లు. అది రాసుకున్న చీటీ వానకు నానిపోయింది. తలుపు మాత్రం దారిలో ఉన్న ఒక పార్కులోని చిన్న ఆర్ట్ గ్యాలరీకి చేరిందని ఎవరో ఆమెకు చెప్పారు.

ఆమెతో దిగి వెళ్లి చూస్తే, నిజంగానే అక్కడ గోడకు ఒక పాత తలుపు వేలాడుతోంది.

"గిదే మా ఖోలీ తల్పు! గా పసుపు బొట్లు నేనే పెట్టిన," అంటూ చెయ్యి చాచింది.

"మావశీ, హాత్ నకో లావూ!" అని, ముట్టుకోవద్దంటూ కావలివాడు మరాఠీలో కసిరాడు.

"నా తల్పు నేను ముట్టుకుంటే అరుగుతదారా?" అని, నా వైపు తిరిగింది. "నంబర్ ఎంతున్నది బిడ్డా?"

నేనుండేదీ కామాటిపురలోనే; మా గల్లీ తలుపుల మీద సర్వేవాళ్లు రాసిన నంబర్లన్నీ నాలుగంకెలవి. గోడకు సరిపోయేలా తలుపును నిలువుగా కోయడంతో మొదటి రెండంకెలే మిగిలాయి.

"ముప్పై ఏడు," అన్నాను.

మర్చిపోకుండా దాన్నే గొణుక్కుంటూ ఆమె బస్ స్టాప్ దాకా నడిచింది. పోయిన రెండంకెలు వంద రకాలుగా ఉండొచ్చు. ఆ సంగతి నేను చెప్పలేదు. కొత్త ఇళ్లిచ్చే ఆఫీసులో ఎవరో చెప్పే ఉంటారు.